తీరంలో ఉప్పెన, నగరంలో వరద: బందరు, హైదరాబాదుల జీవన ప్రమాణాలు – ఒక తులనాత్మక పరిశీలన (1864–1934)

ప్రవేశిక

ఒక ప్రాంతంలో ప్రజలు ఎంత బాగా జీవించారో నిర్ణయించడానికి చరిత్రకారులు సాధారణంగా పంటలు, ధరలు, రాబడుల లెక్కలను ఆధారంగా తీసుకొంటారు. ఆ లెక్కలు అవసరమే గాని అవి మాత్రమే చాలవు. తాగే నీరు ఎక్కడినుంచి వచ్చింది, ఆపద వచ్చినప్పుడు ఎవరు ఆదుకొన్నారు, జబ్బు చేస్తే దిక్కేమిటి, పిల్లలు ఏ భాషలో చదువుకొన్నారు అనే ప్రశ్నలకు కూడా సమాధానం దొరికినప్పుడే జీవన ప్రమాణం అనే భావనకు నిండుదనం వస్తుంది. తెలుగువారి ఆధునిక చరిత్రలో ఈ ప్రశ్నలను పక్కపక్కన పెట్టి పరిశీలించడానికి అనువైన జంట మచిలీపట్నం, హైదరాబాదు. ఒకటి కృష్ణా డెల్టా చివరన సముద్రపు ఒడ్డున ఉన్న రేవు పట్టణం. మరొకటి దక్కన్ పీఠభూమి మీద ఉన్న రాజధాని. 1864లో ఒకదాన్ని సముద్రం ముంచింది. 1908లో మరొకదాన్ని నది ముంచింది. ఈ రెండు విపత్తులనూ, వాటి తర్వాత ఆయా ప్రాంతాల్లో వచ్చిన మార్పులనూ ఆధారం చేసుకొని తీరప్రాంత జీవితాన్నీ నగర జీవితాన్నీ పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక ఈ పరిశీలనకు తుది హద్దు. భాషకు, జీవన ప్రమాణానికి ఉన్న సంబంధాన్ని ఆ సంచిక స్పష్టం చేస్తుంది గనుక ఆ హద్దును ఎంచుకోవడం జరిగింది.

ఒకే రాజ్యపు రెండు కొసలు

ఈ రెండు పట్టణాలూ మొదటినుంచీ వేరువేరు లోకాలు కావు. 1591లో హైదరాబాదు నిర్మాణం జరిగిన నాటికి మచిలీపట్నం గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. అద్దకపు బట్టలు ఈ రేవునుంచే దూరదేశాలకు వెళ్ళేవి. ఆ వ్యాపారం తెచ్చిన సంపదలో పెద్ద భాగం రాజధానికి చేరేది. బందరులో పని, హైదరాబాదులో భోగం అన్న విభజన అప్పటికే కొంతవరకు ఉన్నదన్నమాట. 1687లో గోలకొండ పతనమయింది. 1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారినుంచి మచిలీపట్నాన్ని పట్టుకొన్నారు. 1766 సంధితో ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలోకి వెళ్ళాయి. అప్పటినుంచి రేవు ఒక ప్రభుత్వానిది, రాజధాని మరొక ప్రభుత్వానిది అయింది. ఇంగ్లండు మిల్లు బట్టల పోటీతో అద్దకం పనివారి జీవనం దెబ్బతిన్నది. 19వ శతాబ్ది మధ్యకాలానికి కాకినాడ రేవు పుంజుకొనసాగింది. 1864 ఉప్పెన వచ్చేనాటికే బందరు తన పాత వైభవాన్ని చాలావరకు పోగొట్టుకొన్న పట్టణం.

1864: సముద్రం మీదికి వచ్చిన రాత్రి

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుఫాను సముద్రాన్ని బందరు మీదికి తోసింది. పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ సుమారు 30,000 మంది మరణించారు. ఈ సంఖ్య బరువు తెలియాలంటే మరొక లెక్కను గుర్తుచేసుకోవాలి. 1901 జనాభా లెక్కల నాటికి కూడా మచిలీపట్నం పట్టణ జనాభా 40 వేలకు చేరలేదు. ఉప్పెన మృత్యువుతో ఆగేది కాదు. ఉప్పునీరు నిలిచిన పొలం వెంటనే పంటకు పనికిరాదు. ఉప్పెక్కిన బావి, చెరువు తాగడానికి అక్కరకు రావు. పశువులు పోయిన రైతుకు దుక్కి సాగదు. అందువల్ల బతికి బయటపడినవారి కష్టం మరుసటి సంవత్సరాల్లోకి కూడా సాగింది.

ఉప్పెన తర్వాత బందరు తిరిగి లేచింది గాని మునుపటి రేవుగా లేవలేదు. పట్టణాన్ని సముద్రం నుంచి కాపాడే శాశ్వత ప్రణాళిక, తరువాతి కాలంలో మూసీ విషయంలో జరిగినంత విస్తృతంగా రూపుదిద్దుకోలేదు. మద్రాసు ప్రభుత్వం దృష్టిలో ఈ తీరం ప్రధానంగా భూమిశిస్తు రాబట్టే డెల్టా. ఆ ప్రభుత్వ రాజధాని తీరం వెంబడి చాలా దూరంలో ఉన్నది. మునిగిన పట్టణంలో పాలకుడి నివాసం లేకపోవడం ఇక్కడ గమనించదగిన అంశం.

1908: నది ఊరిలోకి వచ్చిన రోజు

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. మృతుల సంఖ్య సుమారు 15,000. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ నగర జ్ఞాపకంలో నిలిచి ఉన్నది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకొన్నాడు. ఆ దుఃఖాన్ని ఆయన కవితగా మలిచాడు.

ఇక్కడ ప్రభుత్వ స్పందన వేరుగా సాగింది. నగరమే రాజధాని, పాలకుడు నగరంలోనే ఉన్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం నిరాశ్రయులకు తిండి, నీడ ఏర్పాటు చేయడంతోపాటు, ఇలాంటి వరద మళ్ళీ రాకుండా ఏమి చేయాలన్న ప్రశ్నను కూడా ముందుకు తెచ్చింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారుగా పిలిపించారు. నది పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని ఆయన పరిశీలనలో తేలింది. అంటే నగరాన్ని ముంచిన నీటిలో వాననీటితోపాటు తెగిన చెరువుల నీరు కూడా ఉన్నది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులమీద పెద్ద జలాశయాలు కట్టాలన్నది ఆయన సూచన. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీ ఒడ్డున ఉద్యానాలు, హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. ముంచిన నదినే తాగునీటి వనరుగా మార్చుకోవడం ఈ ప్రణాళికలోని విశేషం.

నీరు, తిండి

నీటి విషయంలో రెండు చోట్లా వచ్చిన మార్పు పెద్దదే, కాని దాని స్వభావం వేరు. తీరంలో మొదట వచ్చింది సాగునీరు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు మండలం శవాల దిబ్బగా మారింది. ఆ అనుభవం వెనుక ఉండగా 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాయి. కాలువలు డెల్టాకు వరిపంటను ఖాయం చేశాయి. పడవ ప్రయాణానికి దారి ఇచ్చాయి, ఊరి చెరువులను మంచినీటితో నింపాయి. బావుల్లో ఉప్పునీరు పడే బందరు ప్రాంతానికి కాలువ నీరు ప్రాణాధారం. ఆ నీరు కుళాయిలో వచ్చే శుద్ధజలం కాదు. పశువులు దిగే కాలువ, బట్టలుతికే కాలువ, కడవ ముంచే కాలువ చాలా ఊళ్ళలో ఒకటే.

హైదరాబాదులో దీనికి భిన్నంగా జరిగింది. హుస్సేన్ సాగర్, మీర్ ఆలం చెరువు, ఇళ్ళలోని బావులు అంతవరకు నగరపు దాహం తీర్చేవి. ఉస్మాన్ సాగర్ పూర్తయ్యాక వడకట్టిన నీరు గొట్టాల ద్వారా నగరానికి అందసాగింది. 1920ల నాటికి తాగునీటిలో నగరం ముందున్నది. తిండిగింజల విషయంలో మాత్రం నగరం బయటి గ్రామాలమీద ఆధారపడినది. 1889లో బెజవాడకు రైలుమార్గం పూర్తికావడంతో తీరానికి, నగరానికి మధ్య రాకపోకలు సులువయ్యాయి. ధాన్యం పండే నేల ఒకచోట, వడకట్టిన నీరు మరొకచోట ఉండగా రైలు వాటిమధ్య వారధి అయింది.

వ్యాధి, వైద్యం

వైద్య సదుపాయంలో వ్యత్యాసం మరింత స్పష్టం. హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లోనే ఏర్పడింది. ఆంధ్ర తీరానికి తన వైద్య కళాశాల 1923లో గాని విశాఖపట్నంలో రాలేదు. ఈ రెంటి మధ్య 77 సంవత్సరాల దూరం. దోమకు, మలేరియాకు ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే నిరూపించాడు. కాలువల వెంట నీరు నిలిచే డెల్టాలో దోమకాటు, బోదకాలు నిత్యజీవితంలో భాగంగా ఉన్నాయి. పుష్కలమైన నీరే పంటకు కారణం, వ్యాధికి కూడా కారణం.

అయినా ఆసుపత్రులు ఉన్నంతమాత్రాన నగరవాసి సురక్షితుడని చెప్పడానికి వీలులేదు. 1911లో 5 లక్షలున్న హైదరాబాదు జనాభా 1921 నాటికి సుమారు 4 లక్షలకు పడిపోయింది. ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, వ్యాధి భయంతో ఊరు విడిచి పోవడం ఇందుకు ముఖ్య కారణాలు. ఇరుకు సందుల్లో కిక్కిరిసిన కాపురాలు అంటువ్యాధికి అనువైన చోట్లు. నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలను తొలగించి వీధులను వెడల్పు చేయడానికి పూనుకొన్నది ఈ నేపథ్యంలోనే. వరదలో పోయినవారికంటే ఎక్కువమందిని ఈ దశాబ్దం నగరానికి దూరం చేసిందన్న విషయం తరచుగా మరుగున పడుతున్నది.

చదువు, భాష, పత్రిక

ఇంతవరకు చూసిన కొలమానాల్లో తిండి తప్ప తక్కినవాటిలో మొగ్గు నగరంవైపే కనిపిస్తుంది. భాష దగ్గర ఆ మొగ్గు తారుమారవుతుంది. బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలయింది. తరువాత ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగునాట ఆలోచనకు వేదిక అయింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టాయి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడు. రేవు పోయిన పట్టణం ఒక తరంలో విద్యాకేంద్రంగా మారింది. ఈ సంస్థలు చాలావరకు ప్రజల చొరవతో, చందాలతో నిలిచాయి. డెల్టా పంట మిగుల్చుకొన్న కుటుంబాలు పిల్లలను చదివించగలిగాయి, పత్రిక కొనగలిగాయి. ఆనకట్టకు, అచ్చుయంత్రానికి మధ్య ఉన్న ఈ సంబంధం సాహిత్య చరిత్రలో ఇంకా లోతుగా పరిశీలించదగినది.

హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగంమంది మాతృభాష తెలుగు. పాలన, న్యాయస్థానం, ఉన్నత విద్య ఉర్దూలో నడిచాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు మాధ్యమంగా స్వీకరించి గొప్ప ప్రయోగం చేసింది. ఆ ప్రయోగంలో తెలుగు విద్యార్థి తన భాషలో చదువుకొనే అవకాశం మాత్రం లేదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి నగరంలో వెలిసినా అవి ప్రవాహానికి ఎదురీదినవే. 1921లో ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. కుళాయిలో శుద్ధమైన నీరు వచ్చిన నగరంలోనే సొంత భాషలో నోరు విప్పిన మనిషి తలవంచుకోవలసి వచ్చింది. జీవన ప్రమాణాన్ని లెక్కగట్టేటప్పుడు దీన్ని వదిలివేయడం సాధ్యం కాదు.

1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అక్కడ కవులకు కొరత లేదు, అచ్చుకు, బడికి, పాఠకుడికి చేరే మార్గానికి కొరత ఉన్నదని ఆ సంచిక రుజువు చేసింది. అదే కాలంలో తీరంలో ఆ మార్గాలన్నీ అందుబాటులో ఉన్నాయి. ప్రతిభలో తేడాగా కనిపించింది నిజానికి సదుపాయంలో తేడా.

ఎవరి జీవితం?

తీరమూ నగరమూ ఏదీ ఏకరూపం కాదు. కాలువ కింది భూమి ఉన్న రైతుకు అందిన సుఖం ఆ భూమిలో పనిచేసిన కూలీకి అదే మోతాదులో అందలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) కూలి, కులం, ఆత్మగౌరవాల సమస్యను ఈ సీమ నేపథ్యంలోనే చిత్రించింది. ఉప్పెనలోనైనా మిద్దె ఉన్నవాడికి, గుడిసెలో ఉన్నవాడికి ప్రమాదం ఒకటి కాదు. హైదరాబాదు వైభవం వెనుక కూడా తెలంగాణ గ్రామాల వెట్టి ఉన్నది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవలలో కనిపించే పల్లె ఆ నగరానికి చాలా దూరమైనది కాదు. కాబట్టి ‘తీరం’, ‘నగరం’ అని స్థూలంగా పోల్చినప్పుడు ఆ పోలికలో ఎవరి జీవితం కొలతకు వస్తున్నదో చెప్పుకోవలసి ఉంటుంది.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. ఆపద తర్వాతి రక్షణ, తాగునీరు, వైద్యం అనే మూడింటిలో హైదరాబాదు ముందున్నది. పాలకుడు, ఖజానా, ముంపు ఒకేచోట ఉండటం అందుకు కారణం. పంట భద్రతలోనూ, మాతృభాషలో విద్య, పత్రిక, ప్రజాసంస్థల విషయంలోనూ బందరు ప్రాంతం ముందున్నది. కాలువ నీటివల్ల కలిగిన మిగులును సమాజమే చదువులోకి మళ్ళించుకోవడం అందుకు కారణం. సముద్రమో, పీఠభూమియో స్వయంగా ఈ తేడాలను నిర్ణయించలేదు. రాబడి ఎవరి చేతిలో ఉన్నది, ఎవరికోసం ఖర్చయింది అన్నదే నిర్ణయించింది.

ఈ నిర్ధారణకు తరువాతి చరిత్ర కూడా బలం చేకూరుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాదిమందిని బలిగొన్నది. 1864 నుంచి అప్పటికి 113 సంవత్సరాలు. ఒక వరద తర్వాత రెండు జలాశయాలు కట్టుకొన్న హైదరాబాదు కూడా చెరువులను, నాలాలను ఆక్రమించుకొని 2000లో, 2020లో మళ్ళీ ముంపు పాలయింది. తెగిన 221 చెరువుల లెక్కలో విశ్వేశ్వరయ్య చూపిన పాఠాన్ని నగరం మరిచింది. ఉప్పెన నేర్పిన పాఠం తీరానికి సకాలంలో అందలేదు. రెండు ప్రాంతాల జీవన ప్రమాణాలను ఇకముందు పోల్చే పరిశోధకులు రాబడి లెక్కల పక్కన ఈ జ్ఞాపకాల లెక్కను కూడా చేర్చుకోవలసి ఉన్నది.