అటకమీది జర్మను బాయ్‌నెట్టు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని సంఘం పెద్దలు అడగగానే నాకు మా ఇంటి అటక గుర్తుకొచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్ దళంలో పనిచేసిన మా మేనమామగారు ఉత్తర ఆఫ్రికా నుంచి ఒక జర్మను బాయ్‌నెట్టు తెచ్చారు. తుపాకీ కొసన తగిలించే కత్తి అది. ఆయన కాలం చేశాక చోడవరంలోని మా ఇంటికి చేరింది. నేను రిటైరైన కొత్తలో తీరిక ఎక్కువై, తుప్పు పట్టిందని దాన్ని సానపట్టించాను. తళతళా మెరిసింది. చేసిన నష్టం తర్వాత గాని తెలియలేదు.

ఇటువంటి కత్తులు సేకరించేవారు అనేక దేశాల్లో ఉన్నారు. వారు ముందుగా చూసేది పదును కాదు, దానిపై కొట్టిన అక్షరాలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్రష్యా కత్తి వీపున కిరీటం, దాని కింద 'డబ్ల్యు' అక్షరం, రెండంకెలు ఉంటాయి. డబ్ల్యు అంటే విల్‌హెల్మ్ చక్రవర్తి, 15 అంటే 1915. పిడి దగ్గర తయారీదారు పేరు ఉంటుంది. చాలావాటిపై సోలింగెన్ అని ఊరి పేరు కూడా కనిపిస్తుంది. శతాబ్దాలుగా కత్తులకు పేరుపడ్డ ఊరది. ఆ పేరును ఇతరులు వాడుకోకుండా జర్మనీ 1938లో చట్టమే చేసింది. రెండవ యుద్ధం నాటి వాటిలో కత్తిమీద, ఒరమీద ఒకే నంబరు ఉంటే విలువ హెచ్చు.

అన్నిటిలో ప్రసిద్ధమైనది 98/05 రకం. అలుగు సుమారు 37 సెంటీమీటర్లు, మొనవైపు వెడల్పు. బరువు ముందుకు ఉంటే దెబ్బ గట్టిగా పడుతుందని చెరకు నరికే మన రైతుకూ, కొలిమిలో కమ్మరికీ తెలిసిన సంగతే. శత్రు సైనికులు దీన్ని కసాయి కత్తి అన్నారు. కొన్నిటి వీపున రంపపు పళ్లుండేవి. అవి కొయ్య కోయటానికే అయినా, క్రూరత్వానికి గుర్తని ప్రచారం జరిగింది. చివరకు 1917 నుంచి జర్మను సైన్యమే ఆ పళ్లను అరగదీయించింది. మరి కొన్ని, నికెల్ పూతతో మెరిసేవి, సైనికులు పెరేడ్లకోసం సొంతంగా కొనుక్కున్నవి. అవి యుద్ధం చూడనివే.

మనవారికీ ఈ కత్తులకూ సంబంధమేమిటంటారా? మొదటి యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్స్ పాలస్తీనా రంగంలో పనిచేసింది. ఎదురుగా ఉన్న టర్కీ సైన్యానికి తుపాకులు, బాయ్‌నెట్లు చాలావరకు జర్మనీవే. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు సైనికులకు గుర్తు. రెండవ యుద్ధంలో మన నాలుగవ ఇండియన్ డివిజను ఆఫ్రికాలో జర్మన్లతో పోరాడింది. 1943 మే నెలలో ట్యునీసియాలో శత్రుసేనలు లొంగిపోయాయి. మా మేనమామగారు అక్కడే ఉన్నారని విన్నాను. కానీ ఆ కత్తి ఆయన చేతికెలా వచ్చింది? ఏ సైనికుడిది? ఆయనుండగా నేను అడగలేదు. కత్తిమీది అక్షరాలైనా కొంత చెప్పేవి. వాటిని సానరాయికి అప్పగించాను.

విశాఖ మ్యూజియంలో జపాను బాంబును చూసే ఉంటారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జరిగిన దాడి కథ దానితో ఉంది గనుకనే పిల్లలు దాని ముందు నిలబడతారు. కథ లేకపోతే అది ఇనుప ముద్ద.

కాబట్టి మిత్రులకు నా మనవి. మీ ఇంట్లో ఇటువంటి వస్తువుంటే గరుకు కాగితం, సానరాయి దగ్గరకు రానీయకండి. పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాస్తే చాలు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం బాయ్‌నెట్టు కూడా ఆయుధాల లెక్కలోకి వస్తుంది. కొన్నిచోట్ల లైసెన్సు అవసరం కావచ్చు గనుక పోలీసువారిని అడిగి తెలుసుకోవాలి. వందేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా విదేశాలకు పంపకూడదని 1972 నాటి చట్టం చెబుతోంది. విదేశాల్లోని పిల్లలకు ఇవ్వదలచినవారు ఇది గమనించాలి.

అన్నిటికంటే ముందు, వస్తువు ఎవరిది, ఎక్కడిది, ఎప్పుడు వచ్చిందన్న వివరాలు ఒక కాగితంమీద రాసి దానితో ఉంచండి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ రాసి మా బాయ్‌నెట్టు ఒరకు కట్టాను. ఆ కాగితంలో చివరి వాక్యం, అక్షరాలు చెరిపినవాణ్ణి నేనేనని.