తాగనివాడికి జుర్మానా

బీమా అనే మాట ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చింది. ఫార్సీలో ‘బీమ్’ అంటే భయం. ఆ భయానికి కట్టే ఖరీదే ప్రీమియం. మరి ఎవరిని చూసి ఎంత భయపడాలో కంపెనీలకు మొదటినుంచీ తెలుసా? షరాబు విషయంలో వాళ్ల హిసాబు పూర్తిగా ఉల్టాగా మొదలైంది.

1840లో ఇంగ్లండులో రాబర్ట్ వార్నర్ అనే క్వేకర్ జీవిత బీమాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మనిషి తందురుస్తుగానే ఉన్నాడు. కానీ షరాబు ముట్టడు. అదే అతని కసూరు అయింది! తాగనివాడు బలహీనంగా ఉంటాడు, తొందరగా పోతాడు కాబట్టి 10 శాతం ఎక్కువ కట్టమంది కంపెనీ.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ జమానాలో ఈ ఖయాల్ మరీ వింతది కాదు. కష్టం చేసేవాడికి బీరు తాకత్ ఇస్తుందని డాక్టర్లే చెప్పేవాళ్లు. పైగా నగరాల్లో నీళ్లే జహర్. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినప్పుడు అక్కడి బీరు కార్ఖానా కార్మికులు చాలావరకు బచాయించారు. వాళ్లు ఆ వీధి పంపు నీళ్లు తాగలేదు, బీరు తాగారు. ఈ సంగతిని డాక్టర్ జాన్ స్నో రాసిపెట్టాడు. కలరాకు కారణం పంపు నీళ్లేనని ఆయన ఇచ్చిన రుజువుల్లో ఇదీ ఒకటి.

వార్నర్ జుర్మానా కట్టలేదు, తగాదాకూ పోలేదు. తనలాంటి వాళ్లను జమ చేసి తాగనివాళ్ల కోసమే ఒక బీమా సంస్థ పెట్టాడు. కొన్నేళ్లకు ఆ సంస్థ మితంగా తాగేవాళ్లకూ దర్వాజా తెరిచింది. కానీ రెండు ఖాతాలూ అలగ్ అలగ్‌గా ఉంచింది. అసలు కమాల్ ఇక్కడుంది. ఒకే కంపెనీ, ఒకే రకం డాక్టరు పరీక్ష, పక్కపక్కనే రెండు దఫ్తర్లు. ఏ ఖాతాలో ఎన్ని మౌతులో ఏటేటా లెక్క తేలుతూ వచ్చింది. 1904లో రోడరిక్ మెకెంజీ మూర్ 60 ఏళ్ల లెక్కను లండన్ యాక్చువరీల ముందు పెట్టాడు. పనిచేసే వయసంతటా తాగనివాళ్ల ఖాతాలోనే మరణాలు తక్కువ. 10 శాతం జుర్మానాకు అదే జవాబు.

తర్వాత అమెరికా, కెనడాల్లో 43 కంపెనీలు తమ దఫ్తర్లు కలిపి చూశాయి. 1912 నుంచి ఆ నతీజాలు వెలువడ్డాయి. మామూలుతో పోలిస్తే రోజూ రెండు గ్లాసుల బీరో, ఒక గ్లాసు విస్కీయో తాగేవాళ్లలో మరణాలు 18 శాతం ఎక్కువ. అంతకు మించి తాగేవాళ్లలో 86 శాతం ఎక్కువ. ఒకప్పుడు విపరీతంగా తాగి మానేసినవాళ్లలోనూ 50 శాతం ఎక్కువే.

అయితే ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. తాగనివాళ్లు ఎక్కువ బతికింది తాగనందుకేనా, లేక వాళ్ల కామ్‌ధందా, ఇల్లు, అలవాట్లు కూడా వేరైనందుకా? ఈ సవాల్ అప్పుడే లేచింది. దీనికి తిరగేసిన సవాల్ 1988లో వచ్చింది. అప్పటికి కొన్ని పరిశోధనల్లో కొద్దిగా తాగేవాళ్లే అసలు తాగనివాళ్లకన్నా మెరుగ్గా కనిపిస్తున్నారు. ‘ఈరోజు తాగను’ అనేవాళ్లలో చాలామంది రోగమొచ్చి మానేసినవాళ్లేనని బ్రిటిష్ పరిశోధకుడు షేపర్ చూపించాడు. వాళ్లనూ ఎప్పుడూ ముట్టనివాళ్లనూ ఒకే గంపలో వేస్తే హిసాబు తప్పుతుంది. అందుకే ‘ఇప్పుడు తాగుతారా’ అని ఒక్కటే అడిగితే సరిపోదు. ‘ఇదివరకు తాగేవారా, ఎందుకు మానేశారు’ అనీ అడగాలి.

గుమానీ మీద జుర్మానా వేయడం మనకూ తెలిసిన కథే. తెల్లవాళ్ల రాజ్యంలో విదేశీ కంపెనీలు హిందుస్తానీల ప్రాణాన్ని నాసిరకంగా లెక్కగట్టి అదనంగా వసూలు చేసేవి. 1870లో పుట్టిన బాంబే మ్యూచువల్ మనవాళ్లకు మామూలు రేటుకే బీమా ఇచ్చింది. అక్కడా అంతే. గుమానీని పక్కకు తోసి మనుషుల్ని కళ్లు తెరిచి చూసినప్పుడే ఇన్సాఫ్ దక్కింది.

కంపెనీ అలా చూడాలంటే మన జవాబు సచ్చా అయివుండాలి. ఈరోజు ఫారంలో మద్యం సవాల్ దగ్గర ‘లేదు’ అని టిక్కు పెట్టడం చాలామందికి ఆదత్. ఏజెంటే పెట్టేసి దస్కతు చేయమంటాడు. మిగిలేది కొన్ని వందలు. కానీ బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించలేరు. ఆ లోపల మనిషి పోతే, దాచిన విషయం బయటపడితే, క్లెయిము కొట్టేయొచ్చు. అప్పుడు జవాబు చెప్పుకోవలసింది తాగినవాడు కాదు, చిన్నపిల్లల్ని పట్టుకొని ఆఫీసు మెట్లమీద కూచున్న బేవా.

తాగనని సచ్ చెప్పినందుకు వార్నర్‌ను ఎక్కువ కట్టమన్నారు. అయినా అతను మాట మార్చలేదు. ఆ సచ్చాయీ మీద లేచిన లెక్కలోంచే ఈనాటి రేట్లకు దారి పడింది. మీరు తాగేవాళ్లయితే నాలుగు పైసలు ఎక్కువే కట్టండి, కానీ ఫారం నింపేటప్పుడు కలం మీ చేతిలోనే ఉంచుకోండి.