మౌనం సాక్ష్యమైన సరిహద్దు: ప్రేహ్ విహార్ వివాదం – చారిత్రక పరిశీలన

డాంగ్రెక్ పర్వతశ్రేణి అంచున, థాయ్‌లాండ్, కంబోడియాల నడుమ ప్రేహ్ విహార్ శివాలయం ఉంది. ప్రధానంగా 11, 12 శతాబ్దాలలో ఖ్మేర్ పాలకులు నిర్మించిన ఈ ఆలయానికి కంబోడియా దిక్కున నిట్టనిలువు కొండచరియ. సులువైన దారి థాయ్ దిక్కునుంచే. వివాదానికి ఒక మూలం ఈ భూస్వరూపం, మరొకటి ఒక పటం.

1904 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్, సయాం (నేటి థాయ్‌లాండ్) కుదుర్చుకొన్న ఒప్పందం ప్రకారం ఇక్కడ జలవిభాజక రేఖే సరిహద్దు. పటాలు గీసే సాంకేతిక వనరులు లేని సయాం ఆ పనిని ఫ్రెంచి అధికారులకే వదిలింది. 1907లో తయారై, 1908లో బ్యాంకాక్ చేరిన పటం ఆలయాన్ని కంబోడియాలో చూపింది. సయాం ఆక్షేపించలేదు సరికదా, అంతరంగ వ్యవహారాల మంత్రి డామ్రోంగ్ రాకుమారుడు ఫ్రెంచి రాయబారికి కృతజ్ఞతలు తెలిపి, రాష్ట్రాల పాలనాధికారులకు పంపేందుకు మరో 15 ప్రతులు కోరాడు. 1930లో ఆలయానికి వెళ్లిన ఆయనకు ఫ్రెంచి జెండా ఎగురుతుండగా ఫ్రెంచి అధికారి స్వాగతం పలికాడు. అప్పుడూ నిరసన లేదు.

ఫ్రెంచివారు వైదొలగాక 1954లో థాయ్ బలగాలు ఆలయంలో మకాం వేశాయి. 1959లో కంబోడియా అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1962 జూన్ 15న 9–3 ఆధిక్యంతో ఆలయం కంబోడియా సార్వభౌమత్వంలోనిదని తీర్పు వెలువడింది. అసలు జలవిభాజక రేఖ ఎక్కడ పోతుందో తేల్చడం అనవసరమని న్యాయస్థానం భావించడం గమనార్హం. మౌనం అర్ధాంగీకారమని మన నానుడి. హేగ్‌లో అది పూర్ణాంగీకారమైంది.

ఆ మౌనాన్ని దాని కాలంలో పెట్టి చూడాలి. 1893లో ఫ్రెంచి యుద్ధనౌకలు నదీముఖాన్ని ఛేదించుకొని బ్యాంకాక్ చేరాయి. ఆ ఏడే సయాం మెకాంగ్ ఎడమగట్టును వదులుకొంది. అటువంటి రాజ్యం 1908లో నోరు మెదపకపోవడాన్ని స్వచ్ఛంద సమ్మతిగా చదవడం కష్టం. అయితే ఈ వాదన తరువాతి దశాబ్దాలకు అంతగా పొసగదు. 1934–35 సర్వేలో పటానికీ జలవిభాజక రేఖకూ తేడా బయటపడిన తరువాత కూడా, 1937లో సయాం సొంత సర్వే శాఖ ప్రచురించిన పటం ఆలయాన్ని కంబోడియాలోనే చూపింది. దీనికి భయం ఒక్కటే సమాధానం కాజాలదు.

1962 తీర్పు ఆలయ 'పరిసరం' నుంచి థాయ్ బలగాలు వైదొలగాలన్నది గాని, ఆ పరిసరం హద్దులు చెప్పలేదు. 2008లో ఆలయం యునెస్కో జాబితాకెక్కగానే 4.6 చదరపు కిలోమీటర్ల ఆ నేల కోసం కాల్పులు మొదలై 2011 వరకు సాగాయి. 2013 నవంబరు 11న న్యాయస్థానం ఆలయమున్న కొండకొమ్ము యావత్తూ కంబోడియాదేనని వివరించింది. పక్కనున్న ఫ్నోమ్ ట్రాప్ కొండ విషయం తేల్చలేదు. 2025 జూలైలో ఈ సరిహద్దు వెంట మళ్లీ ఫిరంగులు మోగాయి.