ఠాగూరు న్యాయశాస్త్రాచార్య పీఠము

దానము చేయు వారెందరో కలరు. ఏ దానము నిలుచునో, ఏది నిలువదో ఎరుగుట కష్టము. ఈ విషయమున కలకత్తా విశ్వవిద్యాలయమునందలి ఠాగూరు న్యాయశాస్త్రాచార్య పీఠముయొక్క చరిత్రము మన దాతలకు మిక్కిలి బోధకమని తలచి, దానినిచట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ప్రసన్నకుమార ఠాగూరు (1801-1868) వంగదేశమున గొప్ప జమీందారు. సదరు దివానీ అదాలతులో ప్రభుత్వపు ప్లీడరుగా నుండి ధనమును, కీర్తిని గడించెను. వాచస్పతిమిశ్రుని వివాదచింతామణిని ఇంగ్లీషున అనువదించి 1863లో ప్రకటించిన పండితుడు. ఆయన ఏకైక పుత్రుడగు జ్ఞానేంద్రమోహనుడు 1851లో క్రైస్తవమతమును స్వీకరించెను. తండ్రి మనస్సు విరిగెను. 1862లో వ్రాసిన మరణశాసనమున కుమారున కేమియు నొసగక, ఆస్తిని అన్నకుమారుడగు యతీంద్రమోహనునికి జీవితాంతమును, పిమ్మట ఇంకను పుట్టని పురుషసంతతికి తరతరములుగాను చెందునట్లు కట్టుదిట్టము గావించెను. ఆ పత్రముననే న్యాయశాస్త్రాచార్య పీఠమునకును ధన మేర్పరచెను. ఆచార్యుడు ఏటేట ఉపన్యాసములను ఉచితముగా నీయవలెను. వానిని అచ్చొత్తించి ఉచితముగా పంచవలెను.

ఆ 1862లోనే కుమారుడు లండనులో బారిస్టరు పట్టమునందెను. భారతీయులలో ఆ పట్టము పొందిన మొదటివాడాతడే. తండ్రి గతించిన పిమ్మట ఆతడు వ్యాజ్యము తెచ్చెను. ప్రీవీ కౌన్సిలువారు 1872లో తీర్పు చెప్పిరి. దానము స్వీకరించువాడు చేతనుడై యుండవలెనని దాయభాగము చెప్పుచున్నది; కావున దాత మరణకాలమునకు పుట్టనివారికి చేసిన దానము చెల్లదనిరి. యతీంద్రమోహనుని జీవితానంతరము ఆస్తి ధర్మశాస్త్రరీత్యా వారసునికే చెందవలసిన దయ్యెను. ఏ శాస్త్రమును తండ్రి జీవితమెల్ల సేవించెనో, ఆ శాస్త్రమే త్యక్తుడైన కుమారుని పక్షమున పలికెను! ఈ తీర్పు మన తెలుగు కుటుంబముల వీలునామాలకును ప్రమాణమై యుండెను. చెన్నపురి రాజధానిలో 1914నాటి శాసనమే ఆ నిబంధనను సడలించినది.

వంశమునకై కట్టిన కట్టడము ఇట్లు సడలెను. విద్యకై చేసిన దానమో, చెక్కుచెదరలేదు. 1870లో హెర్బర్టు కవెలు తొలి ఆచార్యుడయ్యెను. 1878లో గురుదాస బంద్యోపాధ్యాయుడు హిందూవివాహమును, స్త్రీధనమును గూర్చి ఉపన్యసించెను; తరువాత 1890లో ఆయనయే ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడైన ప్రథమ భారతీయుడు. 1883లో జర్మను పండితుడు యోలీ దాయవిభాగ, దత్తస్వీకారముల చరిత్రమును వివరించెను. 1905లో కిశోరీలాల సర్కారు మీమాంసాన్యాయములు వ్యవహారనిర్ణయమున కెట్లుపకరించునో చూపెను. సంస్కృతపాఠములు చెప్పుచు వృద్ధులమైన మాకు, మీమాంస న్యాయస్థానపు గడప దాటుట ఎంతయు ఆనందకరము. 1917లో జయస్వాలు మను యాజ్ఞవల్క్యులను పోల్చి పరిశీలించెను. రాధావినోద పాలు మూడుమారులీ పీఠము నధిష్ఠించెను. టోక్యో న్యాయసభలో 1948లో భిన్నాభిప్రాయమును నిర్భయముగా వ్రాసిన న్యాయమూర్తి ఈయనయే.

సోదరులారా! మన సంఘములోని సంపన్నులు తమ బిడ్డలకు ఆస్తి నిచ్చుట ధర్మమే. మతమో, వివాహమో నెపముగా బిడ్డను త్యజించుటకు ముందు మాత్రము ఈ కథను తలచుకొనవలెనని మా ప్రార్థన. పుట్టబోవు తరములను పత్రములతో బంధింప జూచుటకంటె, అందొక భాగమును బీదవిద్యార్థుల చదువునకు ధారపోయుట మేలు. ప్రసన్నకుమారుని పేరు నేడు నిలిచియున్నది ఆ పీఠమువలననే కదా!