మూడు బంతుల నుంచి ఇరవై రెండు బంతుల దాకా

2016 జులైలో హైదరాబాద్‌లోనూ, మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖపట్నంలోనూ ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీలు జరిగాయి. ప్రొఫెషనల్ టూర్‌లో ర్యాంకింగ్ పాయింట్లున్న పెద్ద పోటీలివి. హైదరాబాద్‌లో గెలిచిన ఆంటొనీ మెక్‌గిల్‌ను విశాఖ ఫైనల్లో జాన్ హిగిన్స్ ఓడించాడు. ఇద్దరూ స్కాట్లండ్ వాళ్లే. ఆట మాత్రం మనదేశంలో పుట్టిందే. అంటే పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిందన్నమాట.

1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో వానలకు బయటికి వెళ్లలేని అధికారులు బిలియర్డ్స్ బల్ల చుట్టూ చేరేవారు. పదిహేను ఎర్ర బంతుల ఆటకు రంగు బంతులను కలిపి నెవిల్ చాంబర్లీన్ అనే యువ అధికారి కొత్త ఆట కట్టాడు. సైనిక కళాశాలలో కొత్తగా చేరిన కుర్రాళ్లని అప్పట్లో 'స్నూకర్' అనేవారట. ఒకాయన తేలికైన బంతిని పాకెట్లో వేయలేకపోతే చాంబర్లీన్ ఆయన్ని ఆ మాటతోనే ఆటపట్టించాడు. ఆ మాటే ఆటకు పేరైంది. 1882 ప్రాంతంలో ఊటీ క్లబ్బులో దానికి నియమాలు రాసి పెట్టారు. ఆనాటి బిలియర్డ్స్ మేటి జాన్ రాబర్ట్స్ కలకత్తా వచ్చినప్పుడు ఈ ఆటను తెలుసుకుని ఇంగ్లండుకు తీసుకెళ్లాడని చెబుతారు.

అయితే అక్కడ డబ్బూ పేరూ తెచ్చే ఆట బిలియర్డ్సే. రెండు తెల్ల బంతులు, ఒక ఎర్ర బంతి, అంతే. అందులో ఆస్ట్రేలియా ఆటగాడు వాల్టర్ లిండ్రమ్‌ను మించినవాడు లేడు. తన బంతితో మిగతా రెండింటినీ తాకితే దాన్ని 'కానన్' అంటారు. లిండ్రమ్ మూడు బంతుల్నీ కుషన్ వారగా దగ్గర చేర్చి, తాకీ తాకనట్టు తాకిస్తూ, అవి విడిపోకుండా బల్ల వెంట నడిపించేవాడు. 1932 జనవరిలో లండన్‌లో జో డేవిస్ మీద ఒకే బ్రేక్‌లో, అంటే వంతు చేజారకుండా వరసగా, 4137 పాయింట్లు కొట్టాడు. దాదాపు మూడు గంటలసేపు డేవిస్ కుర్చీలోంచి లేవాల్సిన పనే పడలేదు. ఆ పద్ధతికి అడ్డుకట్ట వేయడానికి నియమాలు మార్చారు. కానీ అప్పటికే చూసేవాళ్ల ఓపిక చచ్చిపోయింది. తప్పు జరగని ఆటలో తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఎక్కడుంటుంది? ఆటగాళ్ల నైపుణ్యం పెరిగేకొద్దీ బిలియర్డ్స్ గల్లాపెట్టె ఖాళీ అయింది.

డేవిస్ ముందుచూపున్నవాడు. 1927లోనే తొలి ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ జరగడానికి పూనుకుని, బర్మింగ్‌హామ్‌లో తనే గెలిచాడు. అతని చేతికొచ్చింది ఆరు పౌండ్ల పది షిల్లింగులు. 1946 దాకా జరిగిన పదిహేను పోటీల్లోనూ అతనిదే గెలుపు. అతను తప్పుకున్నాక ఆ పోటీ కళ తప్పింది. 1957 తర్వాత కొన్నేళ్లు అసలు జరగనే లేదు.

ప్రాణం పోసింది కలర్ టీవీ. 1969లో బీబీసీ 'పాట్ బ్లాక్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పచ్చటి గుడ్డ మీద రంగురంగుల బంతులు కొత్త టీవీకి అచ్చంగా సరిపోయాయి. ఇరవై రెండు బంతులుండటంతో ఆట ఎటు తిరుగుతుందో చివరిదాకా తెలియదు. 1977లో ప్రపంచ పోటీ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ నాటకశాలకు చేరింది. అక్కడ వెయ్యి సీట్లు కూడా లేవు. ముందు వరస ప్రేక్షకుడికి బల్ల నాలుగడుగుల దూరంలో ఉన్నట్టే ఉంటుంది.

1985 ఫైనల్ అక్కడే జరిగింది. స్టీవ్ డేవిస్, డెనిస్ టేలర్ చెరి పదిహేడు ఫ్రేములు గెలిచారు. చివరి ఫ్రేములో చివరి నల్ల బంతి మిగిలింది. అర్ధరాత్రి దాటింది. డేవిస్ సన్నగా తాకించి పంపబోయిన బంతి పాకెట్ పక్కకు తప్పిపోయింది. పెద్ద కళ్లద్దాల టేలర్ వంగి దాన్ని లోపలికి పంపి, క్యూను రెండు చేతులతో తలపైకెత్తాడు. ఒక్క బ్రిటన్‌లోనే కోటీ ఎనభై అయిదు లక్షల మంది ఆ ఘట్టం చూశారు. ఆ రాత్రిని నిలబెట్టింది లిండ్రమ్ ఆటలో కనిపించనిదే: చెయ్యి తప్పే మనిషి.

సిగరెట్ కంపెనీల డబ్బు మీద నడిచిన ఈ టూర్, బ్రిటన్‌లో పొగాకు ప్రకటనల మీద నిషేధం వచ్చాక కుంటుపడింది. 2009-10 సీజన్లో ర్యాంకింగ్ పోటీలు ఆరే. 2010లో ప్రమోటర్ బ్యారీ హెర్న్ పగ్గాలు పట్టాక వాటి సంఖ్య బాగా పెరిగింది. 2005లోనే చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయి ర్యాంకింగ్ పోటీ గెలవడంతో ఆ దేశం తలుపులు తెరుచుకున్నాయి. ఫిక్సింగ్ వ్యవహారంలో 2023లో పదిమంది చైనా ఆటగాళ్ల మీద వేటు పడింది. వారిలో ఒకడైన జావో షిన్‌టాంగ్ శిక్ష ముగించుకుని వచ్చి 2025లో ప్రపంచ చాంపియనయ్యాడు. బహుమతి అయిదు లక్షల పౌండ్లు. జో డేవిస్ ఆరున్నర పౌండ్లు ఎక్కడ, ఇదెక్కడ!

ఇక రాబోయే కాలం మాట. టూర్‌లో నూట ముప్పై మంది లోపే ఉంటారు. కొత్తగా చేరినవాడికి రెండేళ్ల కార్డు దొరుకుతుంది. ఆలోగా ర్యాంకు తెచ్చుకోకపోతే మళ్లీ మొదటికే రావాలి. పోటీల్లో ఎక్కువ భాగం బ్రిటన్‌లోనో చైనాలోనో జరుగుతాయి. మన కుర్రాడు అక్కడే మకాం పెట్టి, ఖర్చు భరిస్తూ ఓటములను తట్టుకోవాలి. ఎన్నోసార్లు ప్రపంచ విజేతైన పంకజ్ అద్వానీ కూడా రెండు సీజన్లు ఆడి, బిలియర్డ్స్ కోసం 2014లో టూర్ వదిలేశాడు. అంతకు ముందు ఏడాదే ఢిల్లీలో ఆదిత్య మెహతా ర్యాంకింగ్ ఫైనల్ చేరిన తొలి భారతీయుడయ్యాడు. మనకు నైపుణ్యం కొరత లేదని ఆ ఒక్క పోటీయే చెబుతుంది.

కొరత బల్లలది. పన్నెండడుగుల పొడవూ, పలకరాతి బరువూ ఉన్న ఈ బల్ల సామాన్యుడి ఇంట్లో పట్టదు. అది క్లబ్బు సభ్యుల గదిలో ఉన్నంతకాలం ఆట కూడా అక్కడే ఉంటుంది. బడి దగ్గరా, మునిసిపల్ క్రీడాభవనంలోనూ నాలుగు బల్లలు వేసి, నేర్పే మనిషిని పెడితే, పదేళ్లకైనా మనవాళ్లు ఆ టూర్‌లో నిలదొక్కుకుంటారు. అప్పుడు విశాఖకో హైదరాబాద్‌కో టూర్ మళ్లీ వచ్చినప్పుడు, ఫైనల్లో ఒకవైపు కుర్చీలో కూర్చునేది మన ఊరి పిల్లే కావచ్చు, పిల్లాడే కావచ్చు.