అమెరికా వాకిట భారతీయుడు

ముషీరాబాదు నుండి విద్యానగరు, అడిక్‌మెట్టు మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ దాటి తార్నాక చేరే దారి మాకు ఏనాటి నుండో పరిచితము. ఆ దారిలో ఏ టీ కొట్టు ముందు నిలిచినా, ఏ బస్సులో కూర్చున్నా, చెవిని పడే మాటలలో అమెరికా మాట ఒకటి తప్పక ఉంటుంది. ఒకరి కుమార్తె అక్కడ చదువుతున్నది. మరొకరి అల్లునికి అక్కడ ఉద్యోగము స్థిరపడినది. ఇంకొకరి కుమారుడు వీసా కొరకు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వచ్చినాడు.

మొన్న ఒక సాయంకాలము తార్నాకలో మాకు పరిచయస్థులైన విశ్రాంత ఉపాధ్యాయులొకరు మమ్ములను నిలిపి ఇట్లా అడిగినారు: “ఏమండీ, దీపము పట్టుకొని అందరినీ రమ్మనే దేవత విగ్రహము ఆ దేశపు రేవులోనే గదా ఉన్నది! మావాడు వెళ్ళి పదునాలుగేళ్ళు దాటినది. పన్నులు కడుతున్నాడు, ఇల్లు కొన్నాడు. రెండేళ్ళ పిల్లను ఎత్తుకొని వెళ్ళినాడు, అది ఇప్పుడు హైస్కూలులో చదువుతున్నది. ఇంకా మీ వంతు రాలేదనే చెబుతున్నారట. విగ్రహము చెప్పేది నిజమా, కాగితము చెప్పేది నిజమా?”

వారికి మేము అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోయినాము. ఒక మాటలో చెప్పదగిన సమాధానము కాదది. చరిత్రను కొంత వెనుకకు వెళ్ళి చూడవలసి ఉన్నది.

న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాదేవి విగ్రహము ఫ్రాన్సు ప్రజల కానుక. 1886 అక్టోబరు 28న దానిని ఆవిష్కరించినారు. శిల్పి దానికి పెట్టిన పేరు “ప్రపంచమునకు వెలుగునిచ్చే స్వేచ్ఛ”. ఆ పేరులో వలస వచ్చేవారి ప్రసక్తి లేదు. విగ్రహపు పీఠమునకు చందాలు వసూలు చేయుటకై 1883లో ఎమ్మా లాజరస్ అనే కవయిత్రి ఒక గీతము వ్రాసి ఇచ్చినది. దిక్కులేని వారందరికీ ఆ దేవతను తల్లిగా చూపినది ఆ గీతమే. దానిని కంచు పలకపై చెక్కించి పీఠము లోపల అమర్చినది 1903లో. అప్పటికి కవయిత్రి మరణించి పదిహేనేళ్ళు దాటినవి.

విచిత్రమేమనగా, ఆ గీతము పుట్టుటకు ఒక యేడాది ముందే, 1882లో, అమెరికా కాంగ్రెసు చైనా కూలీల ప్రవేశమును నిషేధించే చట్టము చేసినది. రైలు మార్గములు వేయుటకు పిలిపించుకొన్న చేతులే, మార్గములు పూర్తి అయిన పిమ్మట బరువైనవి. ఆ చట్టము 1943 వరకు తొలగలేదు. పడమటి రేవులో తలుపు మూసిన తరువాతనే తూర్పు రేవులో దీపము నిలిచినదని చెప్పవలెను.

ఈ సంగతికి మూలము ఇంకా వెనుక ఉన్నది. పౌరసత్వమును గూర్చి ఆ దేశము 1790లో చేసిన మొదటి చట్టము, పరాయి దేశముల నుండి వచ్చిన వారిలో “స్వేచ్ఛగల తెల్లవారు” మాత్రమే పౌరులు కాదగుదురని నిర్ణయించినది. అంతర్యుద్ధమైన తరువాత 1870లో ఆఫ్రికా సంతతి వారిని చేర్చినారు. ఆసియా వారు ఈ రెండింటిలోనూ చేరక వెలుపలనే నిలిచిపోయినారు. 1917లో వచ్చిన చట్టము ఆసియా పటముపై అక్షాంశ రేఖాంశములతో ఒక నిషిద్ధ మండలము గీసి, అక్కడి శ్రామికులు రారాదని శాసించినది. భారతదేశము ఆ గీత లోపల పడినది. విద్యార్థులకు, వైద్యులు మొదలైన కొన్ని వృత్తుల వారికి, యాత్రికులకు మాత్రము మినహాయింపు దొరికినది.

ఇక “తెల్లవాడు” అనగా ఎవడు? ఈ ప్రశ్న అమెరికా సుప్రీం కోర్టు ముందుకు మూడు నెలల వ్యవధిలో రెండు మారులు వచ్చినది. 1922 నవంబరులో ఒజావా అనే జపానీయుడు, తన ఒంటి ఛాయ అనేకులైన తెల్లవారి కంటె తెలుపే గదా అని వాదించినాడు. రంగు లెక్కలోనికి రాదు, కకేసియన్ జాతి వాడై ఉండవలె నని కోర్టు తీర్పు చెప్పినది. 1923 ఫిబ్రవరి 19న పంజాబు వాడైన భగత్ సింగ్ థిండ్ వంతు వచ్చినది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా సైన్యములో పనిచేసి, మంచి యోగ్యతా పత్రముతో బయటికి వచ్చినవాడు. ఆనాటి జాతి శాస్త్రజ్ఞులు ఉత్తర హిందూస్థాన వాసులను కకేసియన్ జాతిలోనే చేర్చినారు గనుక, కోర్టు మాట ప్రకారమే తాను అర్హుడనని ఆయన వాదన. అప్పుడు కోర్టు, శాస్త్రము మాట అట్లా ఉండనీ, సామాన్య జనుడు తెల్లవాడని ఎవరిని అనుకొంటాడో వాడే తెల్లవాడన్నది. మొదటి వానిని శాస్త్రము చూపి పంపించినారు, రెండవ వానిని శాస్త్రము వద్దని పంపించినారు. రెండు తీర్పులనూ వ్రాసినది జస్టిస్ సదర్లాండు అనే ఒకే న్యాయమూర్తి. ఆయన కూడ అమెరికాలో పుట్టినవాడు కాడు, ఇంగ్లండులో పుట్టి చిన్నతనమున వలస వచ్చినవాడు.

ఆ తీర్పు కాగితముతో ఆగిపోలేదు. అంతకు ముందే పౌరులైన భారతీయులలో పదుల కొలది మందికి ఆ పౌరసత్వము రద్దయినది. పౌరసత్వమునకు అర్హత లేనివారు భూమి కొనరాదని కాలిఫోర్నియాలో 1913 నుండియే చట్టము ఉన్నది గనుక, సేద్యము చేసుకొనే పంజాబు రైతులు తమ పొలములకే పరాయివారైనారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణము నడుపుకొనే వైష్ణో దాస్ బగాయి అనే వర్తకుడు, పౌరసత్వము పోగొట్టుకొని, ఏ దేశమునకూ చెందని వాడై, 1928లో ఆత్మహత్య చేసుకొన్నాడు. ఇంతలో 1924లో మరొక చట్టము వచ్చినది. 1890 జనాభా లెక్కలలో ఏ దేశములో పుట్టినవారు ఎందరున్నారో అందులో నూటికి ఇద్దరి చొప్పున మాత్రమే ఏటా ఆ దేశమునకు అనుమతి. దక్షిణ, తూర్పు ఐరోపాల వారు పెద్ద సంఖ్యలో రాక పూర్వపు లెక్క అది. అందుకే ఆ యేటిని ఎంచుకొన్నారు. పౌరసత్వమునకు అర్హులు కాని ఆసియా వారికి ఆ పాలు కూడ లేదు.

ఇది అంతయు పంజాబు వారి కథ, మన తెలుగువారికి దీనితో ఏమి నిమిత్తమని శ్రోతలు తలచవచ్చును. ఆ రోజులలో అమెరికా వెళ్ళిన తెలుగువారు వేళ్ళపై లెక్కించదగినవారే. వారిలో దర్శి చెంచయ్యగారు చదువుకొరకు వెళ్ళి, గదర్ పార్టీలో చేరి, స్వాతంత్ర్యోద్యమమున కారాగారము చూచినారు. మరొకరు భీమవరములో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆంగ్ల ప్రొఫెసరు ఆగ్రహమునకు గురి అయినారు. పూర్తి పట్టమునకు బదులు తక్కువ స్థాయి యోగ్యతా పత్రమే చేతికి వచ్చినది. స్ప్రూ అనే గ్రహణి వంటి వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. మామగారి సహాయముతోను, కాకినాడ ప్రాంతపు సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన ధనముతోను 1920ల ఆరంభములో ఆయన బోస్టను చేరినారు. విద్యార్థి గనుక నిషిద్ధ మండలపు చట్టము ఆయనను ఆపలేదు. పగలు హార్వర్డులో పాఠములు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కొలువు. ఇంటివద్ద భార్య ఎదురు చూస్తున్నది. ఆమెను మరల చూచే యోగము ఆయనకు కలుగలేదు.

1925లో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించినారు. కండరములు పనిచేయుటకు కావలసిన శక్తి ఎక్కడిదో తెలిపే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థములను గూర్చిన పరిశోధనలు 1927, 1929 సంవత్సరములలో వచ్చినవి. 1930లో హార్వర్డు డాక్టరేటు లభించినది. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయినారు. అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఏ స్ప్రూ వ్యాధి సోదరులను తీసుకొనిపోయినదో, ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమే మందు. ఆ బృందమే తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందుతో బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు, కొంతకాలమైనా సరే, మొదటిసారిగా ఉపశమనము కలిగించినాడు. బోదకాలుకు హెట్రజాన్, అనేక అంటువ్యాధులకు ఆరియోమైసిన్ కూడ ఆయన అధిపత్యమున వెలువడినవే.

ఇంతటి మనిషి ఆ దేశములో ఎవరు? చట్టము దృష్టిలో పౌరసత్వమునకు అర్హత లేని పరదేశి. 1940లో వచ్చిన చట్టము పద్నాలుగేళ్ళు దాటిన పరదేశీయులందరూ పేరు నమోదు చేసుకొని వేలిముద్రలు ఇవ్వవలెనని శాసించినప్పుడు, ఆయన కూడ ఆ కోవలోని వారే. ప్రయోగశాల ఇచ్చినదీ ఆ దేశమే, పౌరుడవు కావని చెప్పినదీ ఆ దేశమే. ఈ రెంటిలో ఒకదానినే చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన చట్టముతో భారతీయులకు పౌరసత్వపు హక్కు కలిగినది. సర్దారు జె. జె. సింగ్ అనే వర్తకుడు ఏండ్ల తరబడి వాషింగ్టనులో తిరిగి చేసిన ప్రయత్నము అందుకు ముఖ్య కారణము. క్లేర్ లూస్, ఇమాన్యుయెల్ సెల్లరు అనే ఇద్దరు సభ్యులు, ఎదురెదురు పక్షముల వారై కూడ, కలిసి ఆ బిల్లును నడిపినారు. అయితే దాదాపు 40 కోట్ల జనము గల దేశమునకు వారు కేటాయించిన సంఖ్య ఏటికి నూరు! ఆ కాలమున బ్రిటనుకు ఉన్న కోటా 65,000కు పైగా. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూసినారు. అమెరికా పౌరుడు కాకుండానే ఆయన జీవితము ముగిసినది.

1952లో జాతి నిబంధన పూర్తిగా తొలగినది గాని, కోటాలు నిలిచిపోయినవి. ఆ లోపము చూపి ట్రూమన్ తిరస్కరించినా, కాంగ్రెసు ఆయన మాట కాదని చట్టము చేసినది. మన ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ 1964లో వెలసినది. ఆ గ్రంథాలయములో కూర్చుండి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను చదువుకొన్న మన విద్యార్థి తల ఎత్తి చూచిన నాటికి, ఆ దేశమున స్థిరపడుటకు భారతదేశమంతటికీ ఉన్న కోటా ఇంకా ఆ నూరే.

మరుసటి యేడు, 1965 అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛాదేవి పాదముల చెంతనే కూర్చుండి కొత్త చట్టముపై సంతకము చేసినాడు. పుట్టిన దేశమును బట్టి పాళ్ళు పంచే పద్ధతి రద్దయినది. ఆ చట్టమునకు పేరు పెట్టబడిన ఇద్దరిలో ఒకరు మనము ఇంతకు ముందు చెప్పుకొన్న సెల్లరుగారే. ఆయన కొత్తగా ఎన్నికైన రోజులలో, 1924లో, కోటాల బిల్లును సభలో ఎదిరించి ఓడిపోయినవాడు. నలుబది యొక్క ఏండ్లు వేచి దానిని తుడిచివేసినాడు. మన వైద్యులు, ఇంజనీర్లు వందల సంఖ్యలో, పిదప వేల సంఖ్యలో వెళ్ళినది ఆ చట్టము తెరిచిన దారినే. 2008లో హైదరాబాదు నగరములోనే అమెరికా కాన్సులేటు వెలసినది.

అయినచో తార్నాక పెద్దల కుమారుడు ఎందుకు వేచి ఉన్నాడు? 1990లో చేసిన చట్టము ఉద్యోగముల మూలముగా ఏటా 1,40,000 మందికి స్థిర నివాసపు అనుమతి ఇస్తున్నది. భార్యాబిడ్డలు కూడ ఆ లెక్కలోని వారే. అందులో ఏ ఒక్క దేశమున పుట్టినవారికీ సామాన్యముగా నూటికి ఏడు పాళ్ళు మించరాదు. అన్ని దేశములకూ ఒకే కొలత గనుక చూచుటకు సమానముగానే ఉన్నది. కాని అతి చిన్న దేశమునకూ, 140 కోట్లు దాటిన భారతదేశమునకూ ఒకే కుంచముతో కొలిచినప్పుడు, మన వరుస దశాబ్దముల పొడవునకు సాగినది. తల్లిదండ్రుల వరుస కదలక ముందే ఇరువది యొక్క ఏండ్లు నిండిన బిడ్డ, ఆ కుటుంబపు దరఖాస్తులో చోటు కోల్పోవచ్చును. పెద్దలకు అసలు దిగులు కొడుకును గూర్చి కాదని, హైస్కూలులో చదివే మనుమరాలిని గూర్చి అని మాకు ఇప్పుడు తోచుచున్నది.

కాబట్టి, అయ్యా, మా సమాధానము ఇది. విగ్రహమూ నిజమే, కాగితమూ నిజమే. మనిషిని లోనికి రానిచ్చేది మాత్రము కాగితమే. ఆ కాగితమును వ్రాసినవారు మనుష్యులు, మార్చినవారూ మనుష్యులే. ఒజావా, థిండ్ కోర్టులో ఓడిపోయినారు. బగాయి ప్రాణమే పోగొట్టుకొన్నాడు. జె. జె. సింగ్ గడప గడపకూ తిరిగినాడు, సెల్లరు నలుబది ఏండ్లు వేచినాడు. ఆ దీపము ఎప్పుడైనా వెలిగినదంటే, ఇట్టివారు చమురు పోసినందుననే. వాకిట నిలిచినవాడు తన యోగ్యతను శంకించుకొనవలసిన పని లేదు. సుబ్బారావుగారి కంటె యోగ్యుడెవడు?

ఆయన పేరు విననివారు నేడు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కాని గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రములో ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్ళలో ఫోలిక్ ఆమ్లము ఉన్నది. బోదకాలు రాకుండ ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర ఆయన హెట్రజానే. విశ్వవిద్యాలయము పక్కన, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన ఆ సంస్థ ముందు నుండి వెళ్ళునప్పుడెల్లా మాకు ఆయనే జ్ఞప్తికి వస్తారు. పెద్దలు ఈసారి ఆ దారిన నడిచినప్పుడు, మనుమరాలికి ఫోనులో ఆయన కథ చెప్పవలెనని మా కోరిక.