‘ఏ మందు కొట్టాలి?’: గుంటూరు, ప్రకాశం పత్తి నేలల్లో పూర్వభావన – విక్రయ భాష

ప్రవేశిక:

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలో గుంటూరు దాటగానే వచ్చే కూడలి నల్లపాడు. 2012లో నగరపాలక సంస్థలో కలిసిన ఈ గ్రామం నుంచి పడమరకు సాగే మార్గం నరసరావుపేట, వినుకొండ, మార్కాపురాల మీదుగా పత్తి, మిరప పండే మెట్ట ప్రాంతాలను కలుపుతుంది. ఈ ప్రాంతంలో 1987–88లో తలెత్తిన పత్తి సంక్షోభాన్ని సాధారణంగా తెగులు, అప్పు, ధరల కోణం నుంచి వివరిస్తారు. పురుగుమందును అమ్మిన భాషను కూడా ఆ కారణాలతో కలిపి పరిశీలించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పూర్వభావన – అమ్మకపు ప్రశ్న:

వాక్యం పైకి చెప్పకుండానే నిజమని స్వీకరించే విషయం పూర్వభావన. వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చినా అది చెక్కుచెదరదు. స్ట్రాసన్ 1950లో దీన్ని చర్చకు తెచ్చాడు. శ్రోత అభ్యంతరం చెప్పకపోతే పూర్వభావన ఉభయుల అంగీకారంగా స్థిరపడుతుందని డేవిడ్ లూయిస్ 1979లో వివరించాడు. మౌనం అర్ధాంగీకారమన్న మన నానుడి సారం కూడా ఇదే. అమెరికాలో ఎల్మర్ వీలర్ 1937లోనే దీన్ని విక్రయ సూత్రంగా మలిచాడు: కొంటారా అని అడగవద్దు, ఏది కొంటారో అడగండి.

‘మందు’ అనే పేరు:

1968 నాటి కీటకనాశినుల చట్టం ఈ సరుకును విషంగానే గుర్తించింది. 1971 నిబంధనల ప్రకారం అతి విషపూరితమైన రకాల డబ్బాపై పుర్రె గుర్తు, ఎర్రరంగు తప్పనిసరి. వాడుకలో మాత్రం అది ‘మందు’. ఈ పేరు వర్తకుల సృష్టి కాదు. చికిత్సకు వాడేదాన్నీ మందుగుండునూ ఒకే మాటతో పిలిచిన భాష మనది. అయితే ‘మందు’ అన్నప్పుడు పైరుకు జబ్బు ఉందన్న భావన దాని వెంటే వస్తుంది. ‘ఈ వారం ఏ మందు కొడతారు?’ అన్న ఉదాహరణ వాక్యాన్ని చూడండి. కొట్టడం ఖాయమన్నది ఇందులో పూర్వభావన; మిగిలింది ఎంపిక మాత్రమే.

నిరాకరించినా నిలిచిన నమ్మకం:

1980 దశకంలో పత్తిపై సింథటిక్ పైరిథ్రాయిడ్ల వాడకం పెరిగింది. అవి కాయతొలిచే పురుగులతో పాటు తెల్లదోమను తినే సహజ శత్రువులను కూడా చంపాయి. ఫలితంగా తెల్లదోమ విజృంభించింది. అప్పుడు రైతు అనగలిగిన మాట ‘ఆ మందు పనిచేయలేదు’. వాక్యం వ్యతిరేకార్థకమే అయినా పైరుకు మందే కావాలన్న పూర్వభావన అందులో అలాగే నిలిచింది. కనుక వైఫల్యం అమ్మకాన్ని ఆపలేదు. ‘ఇంకా ఘాటైన మందు ఏది?’ అన్న తరువాతి ప్రశ్నకు దారితీసింది. 1987–88 నాటికి పంట పోయి, అప్పు మిగిలి, పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అభ్యంతరం చెప్పే స్థితి:

పూర్వభావనను ప్రశ్నించడానికి స్వాతంత్ర్యం కావాలి. సరుకు అరువిచ్చేవాడే సలహాదారు అయినప్పుడు ‘అసలు కొట్టాలా?’ అని అడగడం కష్టం. 2003 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం రైతు కుటుంబాలు రుణగ్రస్తమై ఉన్నాయి. అదే సర్వేలో దేశవ్యాప్తంగా 13.1 శాతం రైతు కుటుంబాలు సమాచారం కోసం విక్రేతలపై ఆధారపడగా, విస్తరణ కార్యకర్తల ద్వారా పొందినవి 5.7 శాతమే. కాబట్టి ఇక్కడ ఒప్పించినది మాట ఒక్కటే కాదు. ఆ మాటకు ఎదురుచెప్పలేని ఆర్థిక స్థితి కూడా.

ముగింపు:

ప్రత్యామ్నాయాలు కూడా మాటను మార్చుకునే ముందుకు సాగాయి. సమగ్ర సస్యరక్షణ బోధనలో ‘మిత్రపురుగులు’ అనే మాట ప్రతి పురుగూ శత్రువే అన్న భావనను తొలగించింది. ‘నష్ట పరిమితి స్థాయి’ అనే భావన ‘ఏది?’ కంటే ముందు ‘ఎన్ని పురుగులు ఉన్నాయి?’ అని అడగడం నేర్పింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో పురుగుమందులను పూర్తిగా విడిచిపెట్టి, ‘కొట్టాలా?’ అన్న ప్రశ్నకు ‘అక్కరలేదు’ అనే సమాధానం కూడా సాధ్యమేనని చూపింది. వ్యవసాయ చరిత్ర రాసేవారు ధరల పట్టికలతో పాటు అంగడిలో అడగకుండా వదిలేసిన ప్రశ్నలను కూడా ఆధారాలుగా చదవవలసి ఉంది.